నాలుగు నిమిషాల కసరత్తు

తీరిక లేనివాళ్లకు తేలిక మార్గాలు చెప్పేవారు ఏ కాలంలోనూ తక్కువ కారు. ఈనాడు సెల్‌ఫోను తెరిస్తే చాలు, "రోజుకు నాలుగే నిమిషాలు! గంట వ్యాయామంతో సమానం!" అనే ప్రకటనలు కనబడతాయి. పిల్లలను బడికి పంపి బస్సు అందుకోవలసిన ఇల్లాలికీ, ఆఫీసులో పొద్దస్తమానం కుర్చీకి అంటుకుపోయే గృహస్థుకూ ఈ మాట అమృతంలా వినబడుతుంది. ఇందులో నిజమెంత?

నిజం లేకపోలేదు. ఈ నాలుగు నిమిషాల కథ జపానులో పుట్టింది. అక్కడ మంచుమీద స్కేటింగు పందాలకు దిగే క్రీడాకారులకు ఇరిసావా అనే శిక్షకుడు ఒక పద్ధతి నేర్పేవాడు. ఇజుమి తబాతా అనే శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి 1996లో ఫలితాలు ప్రకటించాడు. వ్యాయామ విద్య చదివే యువకులను రెండు జట్లు చేశారు. మొదటి జట్టు ఒకచోట బిగించిన సైకిలును వారానికి ఐదు రోజులు, రోజుకు గంట చొప్పున, మితమైన వేగంతో తొక్కింది. రెండవ జట్టు 20 సెకండ్లు శక్తికొద్దీ తొక్కి, 10 సెకండ్లు ఆగి, ఇలా ఏడెనిమిది విడతలు చేసింది. ఆరు వారాలు గడిచేసరికి, ప్రాణవాయువును వాడుకునే శక్తి ఇద్దరికీ పెరిగింది. ఊపిరి చాలనంత తీవ్రమైన పని చేసే శక్తి మాత్రం రెండవ జట్టుకే పెరిగింది, అదీ 28 శాతం!

వాళ్లంటే కుర్రవాళ్లు, మన మాటేమిటి అంటారా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు శ్రమకు అలవాటులేని పురుషులతో పరీక్ష చేసి 2016లో ప్రకటించారు. కొందరు వారానికి మూడుసార్లు ముప్పావు గంట చొప్పున మితంగా తొక్కారు. మరికొందరు 20 సెకండ్ల చొప్పున మూడు విడతలు మాత్రమే తీవ్రంగా తొక్కారు. పన్నెండు వారాల తర్వాత ఇద్దరికీ దమ్ము సుమారు 19 శాతం పెరిగింది.

అయితే ప్రకటనల్లో కనబడని సంగతులు కొన్ని ఉన్నాయి. కెనడావారి "ఒక్క నిమిషం" నిజానికి పది నిమిషాలు. ముందు ఒళ్లు వేడెక్కడానికీ, నడుమ తెరిపికీ, చివర చల్లబడడానికీ మిగతా కాలం పట్టింది. జపాను యువకులు వారానికొక రోజు అరగంట మామూలుగా కూడా తొక్కారు. అన్నిటికంటె ముఖ్యం, చివరి విడతకు వారు డస్సిపోయేవారు. టీవీ చూస్తూ నాలుగు గుంజీలు తీసి, ఆ ఫలం ఆశించడం న్యాయం కాదు గదా!

ఇక బరువు తగ్గే మాట. నాలుగు నిమిషాల్లో ఖర్చయ్యే శక్తి ఒకటి రెండు ఇడ్లీలకు మించదు. దమ్ము పెరగడం వేరు, పొట్ట తగ్గడం వేరు. పొట్ట సంగతి వంటింట్లోనే తేలాలి.

ప్రమాదం కూడా లేకపోలేదు. ఏళ్ల తరబడి కదలని ఒంటిని ఒక్కసారిగా ఉరికిస్తే గుండెమీద భారం పడుతుంది. నలభై దాటినవారు, రక్తపుపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగనిదే దీని జోలికి పోరాదు. ఛాతీలో నొప్పిగాని, తల తిరగడంగాని తోస్తే వెంటనే ఆపి వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

మరి సామాన్యుడికి దారేది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన లెక్క ఇది: వారానికి కనీసం 150 నిమిషాలు మితమైన శ్రమ, లేదా 75 నిమిషాలు తీవ్రమైన శ్రమ. దానితోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు. పది నిమిషాలకు తక్కువైతే లెక్కలోకి రాదన్న పాత నియమం కూడా ఎత్తివేశారు. కనుక మొదట కొన్ని వారాలు చురుకుగా నడవండి. నడుమ నడుమ ఒక్కొక్క నిమిషం వేగం పెంచండి. ఒళ్లు అలవాటుపడ్డాక మెట్లు ఆయాసం వచ్చేటట్టు ఎక్కండి.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. కాలంలో కొంత మిగుల్చుకోవచ్చును గాని, చెమటలో మిగుల్చుకునే ఉపాయం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.