ట్రాక్టరు వెనుక మూడు లింకులు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో తొలకరి పడగానే చేలల్లో ట్రాక్టర్లు కనిపిస్తాయి. ఈసారి ఆగి ఉన్న పాత ట్రాక్టరు కనబడితే దాని వెనుక భాగాన్ని పరిశీలించండి. కింద రెండు, పైన ఒకటి, మొత్తం మూడు ఇనుప కడ్డీలు నాగలిని పట్టుకొని ఉంటాయి. వీటినే లింకులు అంటారు. లాగడానికి ఒక్క గొలుసు చాలు కదా, మూడు లింకులు ఎందుకు?

ముందు ఎడ్లనాగలిని గుర్తుకు తెచ్చుకోండి. అడవి అంచు చెలకల్లో కర్రుకు రాళ్ళో, వేళ్ళో తగులుతుంటాయి. వెంటనే రైతు మేడిని సర్ది నాగలిని తప్పిస్తాడు. తొలినాటి ట్రాక్టర్లకు ఆ చెయ్యి లేదు. 1917లో భారీగా తయారీ మొదలైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు నాగలిని వెనుక కట్టుకొని లాగేది. నాగలి వేరులో ఇరుక్కుంటే చక్రాలు ఆగిపోయేవి. ఇంజను మాత్రం ఆగేది కాదు. అప్పుడు ట్రాక్టరే వెనుక ఇరుసు చుట్టూ పైకి లేచి, నడిపేవాని మీద తిరగబడేది. అలా ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

ఐర్లండు వాసి హారీ ఫెర్గూసన్ దీనికి ఉపాయం కనిపెట్టి 1926లో పేటెంటు పొందాడు. 1939లో వచ్చిన ఫోర్డ్-ఫెర్గూసన్ ట్రాక్టరుతో ఈ మూడు లింకుల పద్ధతి విస్తరించింది. మన దేశంలో 1960లో మద్రాసులో ఏర్పడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను తయారుచేసింది.

మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ ఊగదు. అలాగే మూడు చోట్ల పట్టిన నాగలి దాని ఇష్టం వచ్చినట్లు ఒరగదు. కింది లింకులు నాగలిని లాగుతాయి. నేల నాగలిని వెనక్కి లాగుతుంది కాబట్టి నాగలి పైభాగం ముందుకు వాలబోయి, పై లింకు ద్వారా ట్రాక్టరును ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడే ముందు చక్రాలను లేవనివ్వదు. అంతేకాదు, అది ఒక గట్టి స్ప్రింగును నొక్కుతుంది. కవాటం తెరచుకొని, పంపు నుంచి వచ్చే నూనె పీడనంతో నాగలి కొంచెం లేస్తుంది. అంటే మేడి మీది రైతు చేయి చేసిన పనినే ఇక్కడ నూనె చేస్తోందన్నమాట!

ఇక నాగలిని అమర్చే క్రమం చూద్దాం. సమతలం మీద ట్రాక్టరును తిన్నగా వెనక్కి తెచ్చి, ఇంజను ఆపాలి. మొదట ఎడమ లింకు, తరువాత కుడి లింకు, చివరకు పై లింకు తగిలించి పిన్నులు వేయాలి. కుడి లింకును పైకెత్తే కడ్డీకి మర పిడి ఉంటుంది కనుక దాని ఎత్తును సులభంగా సరిచేయవచ్చు. రెక్కనాగలితో దున్నేటప్పుడు కుడి చక్రం చాలులో నడుస్తుంది, ట్రాక్టరు కుడికి ఒరుగుతుంది. అందుకే కుడి కడ్డీని కొంత పొట్టి చేస్తే నాగలి నేలకు సమంగా నిలుస్తుంది. పై లింకును పొట్టి చేస్తే కర్రు ముక్కు కిందికి వంగుతుంది. పొడవు చేస్తే పైకి లేస్తుంది. పక్క గొలుసులు నాగలి అటూ ఇటూ ఊగకుండా ఆపుతాయి.

ఒక హెచ్చరిక. జామాయిల్ మొద్దును పెకలించాలని కొందరు పై లింకు ఉండే చోట గొలుసు కడతారు. అది ఎంత ప్రమాదమో లెక్క వేద్దాం. ట్రాక్టరు బరువు 1500 కిలోలు, దాని గరిమనాభి వెనుక ఇరుసుకు 0.7 మీటరు ముందు ఉందనుకోండి. ట్రాక్టరును నేల మీద నిలిపే భ్రామకం 1500 × 0.7 = 1050. నేలకు 0.9 మీటరు ఎత్తున 1200 కిలోల బలంతో గొలుసు లాగితే, తిరగదోసే భ్రామకం 1200 × 0.9 = 1080. ట్రాక్టరు లేచిపోతుంది! అదే గొలుసును ఇరుసు కంటే కింద, 0.4 మీటరు ఎత్తున ఉన్న డ్రాబారుకు కడితే 480 మాత్రమే.

బలం అదే, ట్రాక్టరు అదే. మారింది గొలుసు కట్టిన ఎత్తొక్కటే. ఈ లెక్కను మీ ఇంట్లో ట్రాక్టరు నడిపేవారికి తప్పక చెప్పండి.