పాడి, పంట, ట్రాక్టరు: ఏ బీమా కంపెనీని ఎంచుకోవాలి?

పొలంతో పాటు పాడి గేదెలు, ట్రాక్టరు, దాణా నిల్వ చేసే షెడ్డు, నలుగురైదుగురు పనివాళ్లు ఉన్న రైతు నిజానికి ఒక చిన్న వ్యాపార సంస్థను నడుపుతున్నట్టే. ఆ సంస్థ మొత్తానికి కలిపి ఒకే పాలసీ దొరకదు. పంటకు ఒకటి, పశువుకు ఒకటి, షెడ్డుకూ యంత్రాలకూ ఒకటి, ట్రాక్టరుకు ఒకటి, పనివాళ్లకు మరొకటి కావాలి. వీటిలో కొన్నింటికి కంపెనీని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఒకదాన్ని చట్టం తప్పనిసరి చేసింది. అప్పు ఉన్నచోట బ్యాంకు కూడా ఒక మాట చెబుతుంది. అందువల్ల కంపెనీల పేర్లు పోల్చడం కంటే ముందు, ఎంచుకునే స్వేచ్ఛ రైతుకు ఎక్కడ ఉందో తేల్చుకోవాలి.

పంట విషయంలో ఆ స్వేచ్ఛ చాలా తక్కువ. 2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కింద రాష్ట్ర ప్రభుత్వం కొన్ని జిల్లాలను కలిపి ఒక క్లస్టరుగా చేసి టెండరు పిలుస్తుంది. అది దక్కించుకున్న కంపెనీయే అక్కడి రైతులందరికీ బీమా కంపెనీ. ఆహార, నూనెగింజల పంటలకు రైతు వాటా ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం. వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం వరకు ఉంటుంది. కంపెనీ ఏదైనా ఈ వాటా మారదు. 2020లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ పథకానికి దూరంగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2022లో మళ్లీ చేరింది. కాబట్టి ప్రతి సీజన్ మొదట్లోనే తమ జిల్లాలో ఏ పథకం అమల్లో ఉందో, ఏ పంటకు వర్తిస్తుందో, గడువు ఎప్పుడో వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోవాలి. పంట రుణం తీసుకున్నవారికి కూడా 2020 ఖరీఫ్ నుంచి ఈ బీమా ఐచ్ఛికమే.

ఇక్కడ రైతు చేయగలిగింది నియమాలు తెలిసి ఉండటం. దిగుబడి నష్టాన్ని ఒక్కో రైతు పొలాన్ని చూసి లెక్కకట్టరు. గ్రామాన్నో, కొన్ని గ్రామాలను కలిపిన యూనిట్‌నో తీసుకుని పంటకోత ప్రయోగాలతో తేలుస్తారు. పక్క పొలాలన్నీ బాగా పండి ఒక్కరి చేనే ఎండితే ఈ లెక్కలో పరిహారం రాదు. వడగళ్లు, పొలం మునక, కోసి ఆరబెట్టిన పనలు వానకు తడవడం వంటి నష్టాలను మాత్రం పొలం వారీగా చూస్తారు. వాటిని 72 గంటల్లోగా తెలియజేయాలి. కోసిన పంటకు ఈ రక్షణ 14 రోజుల వరకే ఉంటుంది. 14447 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చెప్పవచ్చు.

ట్రాక్టరు సంగతి మరో రకం. మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా ట్రాక్టరు రోడ్డెక్కకూడదు. ఆ ప్రీమియంను కేంద్రమే ప్రకటిస్తుంది గనుక ఏ కంపెనీలోనైనా ఒకటే. తేడా వచ్చేది సొంత వాహన నష్టానికి తీసుకునే భాగంలోనే. అయితే ట్రాక్టరు యజమానులు నిలువునా మునిగేది ప్రీమియం తేడా వల్ల కాదు, వాడకం వల్ల. వ్యవసాయ పనులకని పాలసీ తీసుకుని ఇసుకకో ఇటుకకో కిరాయికి తిప్పినా, ట్రాలీకి విడిగా బీమా చేయించకపోయినా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని నాట్లకో మిరప కోతకో తీసుకెళ్లడం పల్లెల్లో రోజూ కనిపించేదే. ట్రాలీ సామాను మోయడానికి ఉద్దేశించింది. దానిలో ప్రయాణించిన వారికి బీమా వర్తించదని కంపెనీ వాదిస్తుంది. ప్రమాదం జరిగితే పరిహారం భారం చివరికి యజమాని ఆస్తి మీద పడవచ్చు. ఏ కంపెనీని మార్చినా ఈ ప్రమాదం తొలగదు. కూలీల కోసం వేరే వాహనం పెట్టడమొక్కటే దారి.

కంపెనీని జాగ్రత్తగా ఎంచుకోవాల్సిన చోటు పాడి పశువులు. రాష్ట్ర ప్రభుత్వం రాయితీతో నడిపే పశుబీమా పథకం ఉంటే ముందు దాన్నే చూడాలి. జాతీయ పశుగణాభివృద్ధి పథకంలో 2024లో చేసిన మార్పుల ప్రకారం రైతు ప్రీమియంలో 15 శాతం కడితే చాలు, మిగతాది కేంద్ర రాష్ట్రాలు భరిస్తాయి. ఈ పథకంలోనూ కంపెనీని ప్రభుత్వ సంస్థే ఎంపిక చేస్తుంది. దానికి పరిమితి ఉంది కాబట్టి పెద్ద డెయిరీ నడిపేవారు మిగతా పశువులకు సొంతంగా పాలసీ తీసుకోవాలి. అక్కడ కంపెనీకీ కంపెనీకీ తేడా బాగా కనిపిస్తుంది.

ఆ తేడా చెవి పోగు దగ్గరే మొదలవుతుంది. పాలసీ ఇచ్చేటప్పుడు పశువైద్యుడు గేదెను పరీక్షించి వయసు, ఈతలు, పాల దిగుబడి, మార్కెట్ ధర రాసి ధ్రువీకరిస్తాడు. చెవికి నంబరున్న పోగు వేసి, అది కనిపించేలా ఫొటో తీస్తారు. గేదె చనిపోతే కంపెనీ మొదట అడిగేది ఆ పోగునే. పోగు లేకపోతే క్లెయిమ్ లేదన్న నియమం దాదాపు ప్రతి పశుబీమా పాలసీలోనూ ఉంటుంది. గేదె గుంజకో కంచెకో చెవి రుద్దుకున్నప్పుడు పోగు ఊడిపోవడం మామూలే. ఊడిన వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి కొత్త పోగు వేయించి, కొత్త నంబరును పాలసీలోకి ఎక్కించుకోవాలి. ఈ పనికి ఒక కంపెనీ రెండు రోజుల్లో మనిషిని పంపవచ్చు, మరో కంపెనీ నెల తిప్పవచ్చు. ఆ నెలలో గేదె చనిపోతే ఏళ్లుగా కట్టిన ప్రీమియం బూడిదలో పోసిన పన్నీరే. అందుకే పశుబీమాకు కంపెనీని ఎంచుకునేవారు ఏజెంటును అడగాల్సిన మొదటి ప్రశ్న ప్రీమియం ఎంత అన్నది కాదు. పోగు ఊడితే ఎవరు వస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు అన్నది.

రెండో ప్రశ్న మినహాయింపుల గురించి. పాలసీ మొదలైన తొలి 15 రోజుల్లో జబ్బుతో చనిపోతే సాధారణంగా పరిహారం ఉండదు. దొంగతనం చాలా పాలసీల్లో రాదు. టీకాలు వేయించకపోతే ఆ జబ్బుతో వచ్చిన చావుకు కంపెనీ చెల్లించదు. గేదె చావదు గానీ పాలివ్వడం, చూడి కట్టడం శాశ్వతంగా ఆగిపోతుంది. పాడి రైతుకు ఇది చావుతో సమానమైన నష్టమే. శాశ్వత వైకల్యం కింద దీనికి రక్షణ కావాలంటే అదనపు ప్రీమియం కట్టి పాలసీలో రాయించుకోవాలి. ప్రీమియం తక్కువని చూపించే కొటేషన్లలో చాలాసార్లు తగ్గేది ఈ భాగమే. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు వీటిలో ఏది ఉంది, ఏది లేదు అన్నది పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆ పోలికకు అర్థం లేదు.

స్థానికంగా ఏ కంపెనీ సక్రమంగా చెల్లిస్తుందో అందరికంటే బాగా తెలిసింది మండల పశువైద్యుడికీ, పాల సంఘం కార్యదర్శికీ. పోస్ట్‌మార్టం నివేదికలు రాసేది పశువైద్యుడు, క్లెయిమ్ ఆగిపోయిన రైతు మొర వినేది కార్యదర్శి. ఏ ప్రకటనా చెప్పని సంగతులు వీరి దగ్గర దొరుకుతాయి.

కోళ్ల ఫారాలకూ, రొయ్యల చెరువులకూ బీమా ఇచ్చే కంపెనీలు తక్కువ, షరతులు ఎక్కువ. కోళ్ల పాలసీ తీసుకునేవారు బర్డ్ ఫ్లూ వర్తిస్తుందా, ప్రభుత్వ ఆదేశంతో కోళ్లను చంపాల్సి వస్తే కంపెనీ బాధ్యత ఉంటుందా అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆక్వా బీమాను ప్రోత్సహించడానికి కేంద్రం 2024లో ఆమోదించిన ప్రధానమంత్రి మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనలో ప్రీమియంకు ప్రోత్సాహకం ఉంది. గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతాల రైతులు మత్స్యశాఖ కార్యాలయంలో దీని గురించి అడగడం మంచిది.

షెడ్డు, యంత్రాలు, దాణా నిల్వల విషయంలో పని కొంత తేలిక. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ఒకే రకం పాలసీని ఇస్తున్నాయి. ఒక ప్రదేశంలో ఆస్తి విలువ 5 కోట్ల రూపాయల లోపు ఉంటే ఇది వర్తిస్తుంది. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం ఇందులోకి వస్తాయి. పాలసీ పదాలు అన్నిచోట్లా ఒకటే కాబట్టి ప్రీమియంను నేరుగా పోల్చుకోవచ్చు. షెడ్డుతో పాటు అందులోని గేదెలు కూడా వస్తాయని మాత్రం అనుకోకూడదు. ఆరుబయట ఉన్న గడ్డివామిని విడిగా పేర్కొనాలి.

ఇక్కడ రైతులు ఎక్కువగా నష్టపోయేది విలువ తక్కువ చూపడం వల్ల. షెడ్డు, మోటార్లు, గడ్డి కోసే యంత్రం, దాణా అన్నీ కలిపి 20 లక్షల ఆస్తి ఉందనుకుందాం. ప్రీమియం కలిసొస్తుందని 12 లక్షలకే బీమా చేయిస్తే అది అసలు విలువలో 60 శాతం. మంటల్లో 5 లక్షల నష్టం జరిగితే కంపెనీ 5 లక్షలివ్వదు. అందులో 60 శాతం, అంటే 3 లక్షలే ఇస్తుంది. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15 శాతం వరకు తక్కువ చూపినా పట్టించుకోరు. అదే ఆస్తిని 17 లక్షలకు బీమా చేయించి ఉంటే 5 లక్షల నష్టానికి ఈ కోత పడేది కాదు. ఏటా రెన్యువల్ సమయంలో ధరలు చూసి విలువ సవరించుకోవాలి. ఈ మాట తానుగా గుర్తుచేసే ఏజెంటును వదులుకోకూడదు.

పనివాళ్ల బీమాను చాలామంది మరిచిపోతారు. ట్రాక్టరు, విద్యుత్తుతో నడిచే యంత్రాల మీద పనిచేసే వ్యవసాయ కూలీలు ఉద్యోగుల పరిహారానికి సంబంధించిన చట్టం పరిధిలోకి వస్తారు. గడ్డి కోసే యంత్రంలో చెయ్యి పోయినా, మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టినా యజమాని పరిహారం చెల్లించాల్సి ఉంటుంది. ఆ బాధ్యతకు తీసుకునే పాలసీ ప్రీమియం పనివాళ్ల సంఖ్యనూ జీతాలనూ బట్టి ఉంటుంది. దీనికి తోడు ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా యోజనలో ప్రతి పనివాడినీ చేర్పిస్తే ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. అయితే అది యజమాని చట్టపరమైన బాధ్యతను తీర్చదు.

ఇక కంపెనీని తూచడం. మొదట దానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలి. ఈ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. చూడాల్సిన రెండో విషయం సాల్వెన్సీ నిష్పత్తి, అంటే క్లెయిములన్నీ చెల్లించే ఆర్థిక బలం. అది కనీసం 1.5 ఉండాలని నియమం. 2024 మార్చి నాటికి ప్రభుత్వ రంగంలో న్యూ ఇండియా ఈ గీతకు పైన ఉంది. నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా కంపెనీలు కింద ఉన్నాయి. వాటి వెనుక యజమానిగా కేంద్ర ప్రభుత్వం ఉందన్నదీ నిజమే. మూడోది, వసూలైన ప్రతి వంద రూపాయల ప్రీమియానికి క్లెయిముల కింద పోయింది ఎంత అన్న నిష్పత్తి. ఇది మరీ తక్కువైతే కంపెనీ బిగపట్టి చెల్లిస్తోందని అనుమానించాలి. కానీ కంపెనీ మొత్తం లెక్కలో వాహన, ఆరోగ్య బీమాలదే పెద్ద భాగం. ఆ అంకె చూసి పశుబీమా ఎలా ఉంటుందో చెప్పలేం. అందుకే దగ్గరలో శాఖ ఉందా, అక్కడ గ్రామీణ పాలసీలు చూసే అధికారి ఉన్నాడా అన్నది ఈ అంకెలన్నిటికంటే ముఖ్యం.

పాలసీ అమ్మేవారిలోనూ తేడా ఉంది. ఏజెంటు కంపెనీ తరఫు మనిషి. బ్రోకరు కొనేవారి తరఫున పలు కంపెనీల కొటేషన్లు తెచ్చి పోల్చగలడు, క్లెయిమ్ సమయంలోనూ సాయపడతాడు. అందుకే పెద్ద డెయిరీకో కోల్డ్ స్టోరేజికో బ్రోకరే మేలు. బ్యాంకు కొన్ని కంపెనీలకు ఏజెంటు. అప్పు ఇస్తూ బీమా ఉండాలని అడిగే హక్కు దానికి ఉంది గానీ, ఫలానా కంపెనీలోనే తీసుకోవాలని బలవంతం చేసే హక్కు లేదు. అప్పుతో కొన్న పశువులకూ షెడ్డుకూ పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది కాబట్టి పరిహారం ముందు అప్పు ఖాతాకు చేరుతుందని గుర్తుంచుకోవాలి.

ప్రతిపాదన పత్రం మీద ఖాళీగా సంతకం పెట్టి ఏజెంటుకు ఇవ్వడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అందులో రాసిన వయసు, విలువ, వాడకం తప్పని తేలితే క్లెయిమ్‌ను తిరస్కరించడానికి కంపెనీకి ఆధారం రైతు సంతకమే. ప్రీమియం కంపెనీకి చేరే వరకు రక్షణ మొదలుకాదు. అందువల్ల రశీదు, పాలసీ పత్రం చేతికి వచ్చాక పేరు, సర్వే నంబరు, పోగు నంబరు సరిచూసుకోవాలి.

నష్టం జరిగితే ఫొటోలు తీసి, వెంటనే కంపెనీకి తెలిపి, సర్వేయరు చూసేవరకు వస్తువులను కదపకూడదు. ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో జారీ చేసిన నియమాల ప్రకారం సమాచారం అందిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. నివేదిక 15 రోజుల్లో రావాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే కారణాన్ని రాతలో అడిగి తీసుకోవాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. బీమా భరోసా పోర్టల్‌లోనో 155255 నంబరులోనో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించాలి. వ్యక్తులే కాదు, సొంత పేరుతో నడిచే చిన్న వ్యాపారాలూ అక్కడికి వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ ఆ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. అక్కడ రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు.