చదవడానికి వచ్చినవాడికి కలమెందుకు?



కంప్యూటర్ చదువులు చదివే పిల్లలున్న ఇళ్లలో ఈమధ్య కొన్ని మాటలు తరచు వినబడుతున్నాయి. ఏపీఐ అంటారు, క్లయింట్ అంటారు, టైప్ అంటారు, రీడ్-ఓన్లీ అంటారు. మనకెందుకొచ్చిన గొడవలే అని ఊరుకుంటాం. కాని మన ఫొటోలు, మన స్నేహితురాళ్ల పేర్లు, మనం ఏ ఊరు వెళ్లామన్న సంగతులు ఈ మాటల చాటునే అటూ ఇటూ నడుస్తున్నాయి. అందుచేత వాటి తీరు ఇల్లాలు కూడా కొంత తెలుసుకోవడం మంచిది.

ముందు ఏపీఐ అంటే ఏమిటో చూద్దాం. ఏదైనా పెద్ద ఆఫీసుకు వెళితే మనల్ని రికార్డు గదిలోకి రానివ్వరు కదా. ఒక కిటికీ ఉంటుంది. ఫలానా కాగితం కావాలని చీటీ ఇస్తే, గుమాస్తా లోపలికి వెళ్లి తెచ్చి అందిస్తాడు. ఫేస్‌బుక్, మాస్టొడాన్ వంటి సామాజిక మాధ్యమాలకు కూడా ఇలాంటి కిటికీ ఉంటుంది. అది మనుషుల కోసం కాదు, ఇతర ప్రోగ్రాముల కోసం. దాన్నే ఏపీఐ అంటారు. అక్కడికి వెళ్లి చీటీ ఇచ్చే ప్రోగ్రాము పేరు క్లయింట్.

మాస్టొడాన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే యువకుడు ప్రారంభించిన మాధ్యమం ఇది. ఒక్క కంపెనీ చేతిలో ఉండదు. ఎవరికి వారు సర్వర్లు పెట్టుకుంటారు, ఆ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దాని కిటికీ నియమాలన్నీ బహిరంగంగా రాసిపెట్టి ఉన్నాయి కాబట్టి నేర్చుకునే పిల్లలకు అనువుగా ఉంటుంది. ఒక మహిళా మండలి వారు తమ ఖాతాలో పెట్టిన పోస్టులను హాల్లో ఒక తెర మీద వరసగా చూపించాలనుకున్నారనుకోండి. అందుకు ఒక చిన్న క్లయింట్ రాయాలి. అది చేయవలసిన పని చదవడం ఒక్కటే.

కిటికీలో ఇచ్చే చీటీల్లో రకాలున్నాయి. ‘గెట్’ అనే చీటీ ఇస్తే ఉన్నది చూపిస్తారు. కొత్తది చేర్చడానికి, ఉన్నది మార్చడానికి, చెరపడానికి వేరే చీటీలు. చదివే పని మాత్రమే ఉన్న క్లయింట్ జేబులో గెట్ చీటీలు తప్ప మరొకటి ఉండకూడదు. రీడ్-ఓన్లీ అంటే ఇదే.

అది చాలదు. ఖాతా తరఫున వచ్చే ప్రోగ్రాముకు పాస్‌వర్డుకు బదులు ఒక టోకెన్ ఇస్తారు. దాని మీద ఏమేమి చేయవచ్చో నమోదై ఉంటుంది. మాస్టొడాన్‌లో ‘రీడ్’ అంటే చదవవచ్చు, ‘రైట్’ అంటే రాయవచ్చు. రేపెప్పుడైనా పనికొస్తుందిలే అని రెండూ అడిగి పుచ్చుకునేవారున్నారు. ఆ టోకెన్ పరాయివాడి చేతిలో పడిందా, మండలి పేరున ఏ మాటైనా రాయగలడు, డబ్బు సాయం కావాలని సభ్యులందరికీ సందేశాలు పంపగలడు, ఏళ్లనాటి పోస్టులు చెరిపేయగలడు. రీడ్ టోకెన్ అయితే ఇవేవీ చేయలేడు.

అయినా ఇక్కడ ఒక మెలిక ఉంది. రీడ్ టోకెన్ ఉంటే ఆ ఖాతాకు ఆంతరంగికంగా వచ్చిన సందేశాలు కూడా చదవవచ్చు. హాల్లో తెరకు వాటితో పనేమిటి? అందరికీ కనిపించే పోస్టులు చదవడానికి, సర్వరు వారు అడ్డు పెట్టకపోతే, టోకెనే అక్కరలేదు. తాళంచెవి లేకుండా జరిగే పనికి తాళంచెవి అడగకపోవడమే అన్నిటికంటే మేలు.

చదవడమే కదా, పోయేదేముంది అంటారేమో. ఫేస్‌బుక్ ఉదంతం చూడండి. 2013లో ‘దిస్ ఈజ్ యువర్ డిజిటల్ లైఫ్’ అనే యాప్ ఒకటి వచ్చింది. ప్రశ్నలకు జవాబులిస్తే స్వభావం ఎలాంటిదో చెబుతుంది. అప్పటి ఫేస్‌బుక్ కిటికీలో ఒక వెసులుబాటు ఉండేది. ఒక మనిషి సరేనంటే, ఆ మనిషి స్నేహితుల వివరాలు కూడా అందించేవారు. యాప్ పెట్టుకున్నవారు సుమారు 2 లక్షల 70 వేల మంది. వివరాలు చేరిపోయి ఉండవచ్చని ఫేస్‌బుక్ వేసిన అంచనా 8 కోట్ల 70 లక్షల మంది వరకు! మన దేశంలో పెట్టుకున్నవారు 335 మందే, స్నేహితుల వైపునుంచి వచ్చినవారిని కలుపుకుంటే 5,62,455 మంది. ఆ వివరాలు కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ సలహాల సంస్థకు చేరాయి. 2018లో సంగతి పెద్ద ఎత్తున బయటపడింది. స్నేహితుల వివరాలిచ్చే కిటికీని 2015లోనే మూసివేసినా, వెళ్లిపోయినవి వెనక్కి రాలేదు. 2019లో అమెరికా ప్రభుత్వం ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అంత హానీ జరిగింది రాయడం వల్ల కాదు, అక్కరకు మించి చదవడం వల్ల.

కాబట్టి ఏది అడగాలో తేలింది. ఇక వచ్చినదాన్ని ఎలా అందుకోవాలి? టైప్ అన్న మాట ఇక్కడే వస్తుంది.

వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసి పెట్టుకుంటాం. ఇది కందిపప్పు, ఇది శనగపప్పు, ఈ సీసాలో నెయ్యి ఉండవచ్చు, అయిపోయి కూడా ఉండవచ్చు. కిటికీలోంచి వచ్చే ప్రతి పోస్టులోనూ ఇలా కొన్ని అరలుంటాయి. రాసిన మాటలు ఒక అరలో, తేదీ ఒక అరలో, రాసినవారి వివరాలు ఒక అరలో. ఇది ఏ పోస్టుకు జవాబు అన్న అర ఒకటుంది. జవాబు కాకపోతే అది ఖాళీగానే వస్తుంది. ఏ అరలో ఏ జాతి సరుకు వస్తుందో, ఏది ఖాళీగా ఉండవచ్చో ముందే పట్టీ రాసుకోవడమే టైపులు పెట్టడం. ఆ పట్టీ ఉంటే, ఖాళీ అరలో చెయ్యి పెట్టే చోటు ఎక్కడుందో ప్రోగ్రాము రాస్తుండగానే తెలిసిపోతుంది. లేకపోతే మండలి వార్షికోత్సవం నాడు అందరి ముందూ తెర ఆగిపోతుంది.

ఒక ముచ్చట చెబుతాను. మాస్టొడాన్‌లో ప్రతి పోస్టుకూ పొడుగాటి నంబరు ఉంటుంది. నంబరే కదా అని దాన్ని లెక్కల అంకెగా పట్టీలో రాస్తే చిక్కు వస్తుంది. జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష 9007199254740991 దాకానే అంకెలను నికరంగా పట్టుకోగలదు. 100000000000000003 అని ఇస్తే 100000000000000000 అని గుర్తుంచుకుంటుంది. ఇంటి నంబరులో చివరి అంకె మారితే ఉత్తరం ఎక్కడికి పోతుందో మనకు తెలియదా? అందుకే మాస్టొడాన్ వారు ఆ నంబరును అక్షరాల రూపంలోనే ఇస్తారు. 2010లో ట్విట్టర్ ఇలాంటి పెద్ద నంబర్లకు మారినప్పుడు కూడా అక్షరాల రూపాన్ని పక్కనే ఇవ్వడం మొదలుపెట్టింది. కూడికలు, తీసివేతలు చేయనిది అంకెలా కనబడినా పేరు కిందే లెక్క.

మరొకటి గమనించాలి. డబ్బా మీద కందిపప్పు అని రాసినంత మాత్రాన లోపలి శనగపప్పు కందిపప్పు అవుతుందా? 2012లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టైప్‌స్క్రిప్ట్ అనే భాషలో టైపులన్నీ రాసేటప్పుడు కాపలా కాస్తాయి. ప్రోగ్రాము నడిచే వేళకు ఆ చీటీలు ఉండవు. కిటికీలోంచి నిజంగా ఏమొచ్చిందో అవి చూడలేవు. కొట్టునుంచి వచ్చిన సరుకు మూట విప్పి చూసుకుని డబ్బాల్లో పోసినట్టు, వచ్చిన ప్రతి పోస్టునూ గడప దగ్గరే పరీక్షించే పని విడిగా రాయాలి. పట్టీకి సరిపోతే లోపలికి, సరిపోకపోతే పక్కకు.

ఈ పరీక్షలో మనుషుల మర్యాద కూడా ఉంది. మాస్టొడాన్ పోస్టు ఎవరెవరు చూడవచ్చో చెప్పే అర ఒకటుంది. అందులో వచ్చే మాటలు నాలుగు. అందరికీ, అందరికీ కాని జాబితాల్లో కనిపించకుండా, అనుచరులకు మాత్రమే, పేరు పెట్టి పిలిచినవారికి మాత్రమే. మన తెర మీదికి మొదటి రకం ఒక్కటే రావాలి. రేపు ఎప్పుడైనా ఐదో మాట వస్తే ఏం చేయాలి? తెలియనిదాన్ని రహస్యంగానే ఎంచి చూపకుండా వదిలేయాలి. అలాగే రాసినావిడ తన పోస్టు తీసేస్తే, మన దగ్గర దాచిన నకలు కూడా తీసేయాలి.

ఇక కిటికీ దగ్గర తొక్కిసలాట పనికిరాదు. మాస్టొడాన్‌లో మామూలుగా 5 నిమిషాలకు 300 చీటీలు హద్దు. అది దాటితే 429 అనే నంబరు వేసి తిప్పి పంపుతారు. మంచి క్లయింట్ అప్పుడు కాసేపు ఆగి మళ్లీ వెళుతుంది.

ప్రోగ్రాములు రాసేది మనం కాకపోయినా, సరే అని నొక్కేది మనమే. ఈసారి ఏ యాప్ అయినా మీ ఖాతాతో లోపలికి రమ్మన్నప్పుడు, నొక్కే ముందు ఆ అనుమతుల పట్టీ చదవండి. రాశిఫలం చెప్పే యాప్‌కు మీ పేరున పోస్టులు పెట్టే హక్కు ఎందుకు? రంగవల్లులు చూపే యాప్‌కు మీ స్నేహితుల జాబితా ఎందుకు? ఖాతా సెట్టింగుల్లో ఇదివరకు అనుమతి ఇచ్చిన యాప్‌ల జాబితా ఉంటుంది. తీరికవేళ తెరిచి, వాడనివాటికి ఇచ్చిన అనుమతి రద్దు చేయండి. చేతకాకపోతే ఇంట్లో చదువుకుంటున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు ప్రోగ్రాములు రాసేవాళ్లయితే ఒక్క ప్రశ్న వేయండి: “నీ ప్రోగ్రాము చేసే పనికి ఇంత అనుమతి కావాలా, అమ్మా?” మన ఒక్కరి సరే వెనుక ఎందరి వివరాలు ఉంటాయో ఆ 335 మంది లెక్కే చెబుతోంది.