రాజ్యవిస్తరణకు న్యాయమున్నదా? మెక్సికో సరిహద్దు చెప్పే పాఠం

పొలిమేర గ్రామాలలో నివసించే మనకు సరిహద్దు గీత అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. 1953లో బళ్లారి ప్రాంతంలోను, 1956లో రాష్ట్రాల పునర్విభజన సందర్భంలోను ఎన్నో తెలుగు కుటుంబాలు ఇల్లు కదలకుండానే మరొక రాష్ట్ర పాలనలోకి వచ్చాయి. కచేరీ భాష మారింది, బడి భాష మారింది. అయినప్పటికీ ఆ మార్పు ఒకే దేశంలో, ఒకే రాజ్యాంగం క్రింద జరిగింది. పౌరసత్వం పోలేదు. పొలం పట్టా చెల్లకుండా పోలేదు.

అట్లాకాక, ఒక దేశమే తన గీతను పొరుగు దేశంలోకి జరుపుకొంటే ఏమవుతుంది? అట్టి విస్తరణకు న్యాయం ఉన్నదా? ఈ ప్రశ్నను ఊహలతో కాక, జరిగిన చరిత్రతో పరిశీలించడం మేలు. అందుకు అమెరికా సంయుక్త రాష్ట్రాలు మెక్సికోపై చేసిన 1846-48 నాటి యుద్ధం తగిన ఉదాహరణ.

రెండు నదుల నడుమ వివాదం

టెక్సాస్ ఒకప్పుడు మెక్సికోలోని భాగం. మెక్సికో ప్రభుత్వమే అమెరికా వలసదారులను అక్కడికి ఆహ్వానించింది. వచ్చినవారిలో పలువురు తమ బానిసలను వెంట తెచ్చుకున్నారు. మెక్సికో 1829లో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఈ విషయంలోను, కేంద్రాధికారం విషయంలోను వైరం పెరిగి, 1836లో టెక్సాస్ వాసులు తిరుగుబాటు చేసి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. 1845 డిసెంబరులో టెక్సాస్ అమెరికాలో చేరింది.

టెక్సాస్ హద్దు న్యూయెసెస్ నది అని మెక్సికో వాదించింది. కాదు, ఇంకా దక్షిణాన ఉన్న రియో గ్రాండే నదియే హద్దు అని అమెరికా అధ్యక్షుడు జేమ్స్ పోల్క్ పట్టుపట్టాడు. కాలిఫోర్నియా, న్యూ మెక్సికోలను కొనుగోలు చేయడానికి ఆయన రాయబారిని పంపగా మెక్సికో ప్రభుత్వం ఆ రాయబారిని స్వీకరించలేదు. పిమ్మట 1846 జనవరిలో సైన్యాన్ని రియో గ్రాండే వరకు నడపవలసిందిగా సేనాని జకారీ టేలర్‌కు ఆజ్ఞ వెళ్లింది. ఏప్రిల్‌లో ఆ వివాదాస్పద భూమిలో ఘర్షణ జరిగి అమెరికా సైనికులు మరణించారు. అమెరికా గడ్డపై అమెరికన్ల రక్తం చిందిందని పోల్క్ చట్టసభకు నివేదించాడు. మే 13న యుద్ధం ప్రకటితమైంది.

రక్తం చిందిన ఆ చోటు నిజంగా ఎవరి గడ్డ? ఈ ప్రశ్నను 1847 డిసెంబరులో ఒక యువ సభ్యుడు ప్రతినిధుల సభలో తీర్మానాల రూపంలో లేవనెత్తాడు. ఆయనే అబ్రహాం లింకన్. మరుసటి నెలలో, ఈ యుద్ధాన్ని అధ్యక్షుడు అనవసరంగాను, రాజ్యాంగవిరుద్ధంగాను ప్రారంభించాడని అదే సభ 85-81 ఓట్లతో అభిప్రాయపడింది. ఆ యుద్ధంలో పోరాడి, తరువాత అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ సైతం, బలవంతుడు బలహీనునిపై చేసిన అతి అన్యాయమైన యుద్ధాలలో ఇది ఒకటని తన జీవితకథలో ఒప్పుకొన్నాడు. కాబట్టి నేటి ప్రమాణాలతో నాటివారిని నిందిస్తున్నామన్న ఆక్షేపణకు తావు లేదు. నాటివారే ఆ మాట అన్నారు.

ఆనాటి సమర్థనలు

విస్తరణవాదులు చెప్పిన కారణాలు ముఖ్యంగా నాలుగు. వాటిని ఒక్కొక్కటిగా తూచి చూద్దాం.

మొదటిది దైవసంకల్పం. ఖండమంతటా వ్యాపించడం తమ జాతికి విధి నిర్ణయించిన కర్తవ్యమని 1845లో పత్రికలు రాశాయి. ఈ మాటను ఏ దేశమైనా చెప్పుకోవచ్చు. ఇరుపక్షాలూ చెప్పుకోగల వాదం ఏ పక్షానికీ సాక్ష్యం కాదు.

రెండవది, ఆ భూమి ఖాళీగా ఉన్నదన్న వాదం. అది ఖాళీగా లేదు. మెక్సికన్ల కంటె ముందునుండి అక్కడ ఆదివాసులు నివసిస్తున్నారు. కాలిఫోర్నియాలో ఆదివాసుల సంఖ్య యుద్ధకాలంలో సుమారు 1,50,000 అని అంచనా. 1870 నాటికి అది 30,000కు పడిపోయింది. రోగాలు, ఆకలి, హత్యాకాండ అందుకు కారణాలు. ఇక్కడ మరొక సత్యాన్నీ గుర్తించాలి. మెక్సికోకు ఆ భూమి స్పెయిన్ నుండి సంక్రమించింది. స్పెయిన్ దానిని ఆదివాసుల నుండి తీసుకొన్నది. ఓడినంత మాత్రాన మెక్సికో హక్కు నిష్కళంకమైపోదు.

మూడవది స్వేచ్ఛా విస్తరణ. తమతోపాటు స్వాతంత్ర్యం కూడా వస్తుందని వారన్నారు. కాని బానిసత్వం లేని నేలపైకి బానిసత్వాన్ని తీసుకుపోవచ్చునా అన్నదే వెంటనే తలెత్తిన వివాదం. ఆ తగవు ముదిరి 1861లో అమెరికా అంతర్యుద్ధానికి దారితీసింది.

నాలుగవది, సొమ్ము చెల్లించామన్న వాదం. 1848 ఫిబ్రవరి 2న కుదిరిన గ్వాడలూపే హిడాల్గో ఒడంబడిక ప్రకారం అమెరికా ఒకటిన్నర కోట్ల డాలర్లు చెల్లించింది. కాని అప్పటికి అమెరికా సైన్యం మెక్సికో రాజధానిలో కూర్చుని ఉన్నది. మెడపై కత్తి ఉంచి రాయించుకున్న దస్తావేజు ఎంతవరకు చెల్లుతుందో పల్లెలోని ఏ పెద్దమనిషినడిగినా చెబుతాడు.

ఇల్లు కదలలేదు, దేశం మారింది

టెక్సాస్‌తో కలిపి మెక్సికో తన భూభాగంలో సగానికి పైగా కోల్పోయింది. నేటి కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనాలో అధిక భాగం అందులోనివే. అక్కడ నివసించిన 80,000 నుండి 1,00,000 మంది మెక్సికన్ల సంగతి ఏమిటి? ఒక ఏడాదిలోగా వారు ఏ దేశ పౌరసత్వమో ఎంచుకోవాలి. ఏమీ చెప్పనివారు అమెరికా పౌరులవుతారు. ఆస్తిని కాపాడతామని ఒడంబడిక మాట ఇచ్చింది. కాని మెక్సికో ఇచ్చిన భూదానపత్రాలను గుర్తిస్తామన్న పదవ అధికరణాన్ని అమెరికా సెనేట్ తొలగించింది.

దాని ఫలితం కాలిఫోర్నియాలో కనిపించింది. 1851 నాటి చట్టం ప్రకారం, ఉన్న భూమి తమదేనని పాత యజమానులే ఒక సంఘం ముందు రుజువు చేసుకోవలసి వచ్చింది. 813 దావాలు దాఖలైనాయి. వాటిలో ఎక్కువ భాగం చివరకు గెలిచాయి. అయితే గెలుపు ఏండ్లకొద్దీ సాగిన వ్యాజ్యాల తరువాత వచ్చింది. హద్దులు అస్పష్టం, పత్రాలు స్పానిష్‌లో, న్యాయస్థానం ఇంగ్లీషులో. వకీలు రుసుముకు, అప్పుల వడ్డీకి భూమినే అమ్ముకున్నవారు పలువురు. భూమి నాదే అని తీర్పు వచ్చేసరికి భూమి చేతిలో లేదు. పరాయి భాషలో వచ్చిన నోటీసు చేతబట్టుకొని కచేరీ మెట్లు ఎక్కిన కుటుంబాలకు ఈ బాధ ఎరుకే.

నేటి అంతర్జాతీయ న్యాయం

ఆనాడు జయించినవానిదే నేల అన్న సూత్రాన్ని లోకం దాదాపుగా అంగీకరించింది. నేడు అంగీకరించదు. 1945 నాటి ఐక్యరాజ్యసమితి నియమావళి మరొక దేశపు భూభాగంపై బలప్రయోగాన్ని నిషేధించింది. బలంతో పొందిన భూమిని చట్టబద్ధంగా గుర్తించరాదని 1970లో సర్వసభ్యసభ ప్రకటించింది. 1990లో ఇరాక్ కువైట్‌ను కలుపుకొన్నప్పుడు అది చెల్లదని భద్రతామండలి తీర్మానించింది. 2022లో ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాలను కలుపుకొన్నట్లు రష్యా ప్రకటించగా 143 దేశాలు ఖండించాయి. భారతదేశంతో సహా 35 దేశాలు తటస్థంగా ఉన్నాయి. నియమం ఉన్నంత మాత్రాన అతిక్రమణ ఆగదు. అయితే అతిక్రమించినవారు నేడు సాకు వెతుక్కోవలసి వస్తున్నది.

సమ్మతితో జరిగిన మార్పులు

అయితే సరిహద్దు ఎన్నటికీ మారకూడదా? అట్లా అనలేము. 1864 వరదలలో రియో గ్రాండే నది దక్షిణానికి జరిగి, కొంత మెక్సికో భూమి అమెరికా ఒడ్డుకు చేరింది. దాదాపు నూరేండ్ల తగవు తరువాత 1963 ఒడంబడికతో నికరంగా 437 ఎకరాలు మెక్సికోకు దక్కాయి. ఎల్ పాసో పట్టణంలో 5,000 మందికి పైగా పరిహారం పొంది ఇండ్లు వదలవలసి వచ్చింది. శాంతియుత మార్పుకు సైతం మూల్యం చెల్లించేవారు పొలిమేర ప్రజలే.

మన యానాం ఉదాహరణ ఉన్నది. 1954 జూన్‌లో విలీనవాదులు అక్కడి పాలనను చేపట్టిన తీరుపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయితే అదే ఏడాది అక్టోబరులో కీళూరులో ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు 178 మందిలో 170 మంది భారతదేశంతో విలీనాన్ని కోరారు. 1956 ఒడంబడిక 1962లో అమలులోకి వచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం కోరుకొన్నవారికి ఆ అవకాశం లభించింది.

2015 జులై 31 అర్ధరాత్రి భారత, బంగ్లాదేశ్‌లు పరస్పర భూభాగాలలో చిక్కుకొన్న గ్రామాలను మార్చుకొన్నాయి. భారతదేశం 17,160 ఎకరాలు ఇచ్చి 7,110 ఎకరాలు పుచ్చుకొన్నది. విస్తీర్ణంలో మనకు నష్టమే. కాని ఏ దేశపు బడీ, ఆసుపత్రీ దక్కక దశాబ్దాలు గడిపిన 50,000 మందికి పైగా ప్రజలకు పౌరసత్వం లభించింది.

మూడు ప్రశ్నలు

ఇంతవరకు చూచినదానినుండి మూడు ప్రశ్నలు తేలుతాయి. బలప్రయోగం జరిగిందా? అక్కడ నివసించేవారిని అడిగారా? మిగిలిపోయినవారికి ఇచ్చిన మాట నిలిపారా? 1848 నాటి విస్తరణ ఈ మూడింటిలోను తప్పింది. నేడు ఆ భూములను తిరిగి ఇమ్మనడం పరిష్కారం కాదు. ఇప్పుడు అక్కడ ఉన్న కోట్లాది ప్రజలనూ అడగవలసి ఉంటుంది. కాని అక్కడ ఫలితం సంపన్నమైనందున ఆరంభం న్యాయమైనదని వాదించరాదు. దొంగిలించిన విత్తనం బాగా పండినా దొంగతనం దొంగతనమే.

దేశపటంలో గీత మార్చేవారికి అది వేలెడు దూరం. ఆ గీత క్రింద నివసించేవారికి అది పొలం, బడి, చుట్టరికం, శ్మశానవాటిక. విస్తరణ న్యాయమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పే హక్కు మొదట వారిదే.