శ్రద్ధకు కొలబద్ద ఏది?

విద్యార్థి కష్టాన్ని మార్కుల్లో కలిపితే రెండింటి విలువా పోతుంది. విడిగా చెబితేనే మేలు

పుదుచ్చేరిలోని ముదలియార్‌పేట మిల్లు కార్మికుల పేట. 2020లో మూతపడిన ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ ఉన్న రోజుల్లో ఇక్కడ శ్రమను షిఫ్టుల్లో లెక్కగట్టేవారు. ఇప్పుడు ఆ లెక్క బడిలోనే మొదలవుతోంది. పుదుచ్చేరి ప్రభుత్వ పాఠశాలల్లో 2023-24లో 6 నుంచి 9 తరగతులు, మరుసటి ఏడాది పదో తరగతి సీబీఎస్‌ఈలోకి మారాయి. ఆ విధానంలో పదో తరగతి సబ్జెక్టుకు 100 మార్కుల్లో 20 బడి చేతిలోనే ఉంటాయి. అందులో 5 పోర్ట్‌ఫోలియోకు, అంటే ఏడాది పొడవునా చేసిన పనికి.

2017లో బోర్డు నోటు పుస్తకాలకు 5 మార్కులు పెట్టినప్పుడు క్రమం తప్పకుండా రాయడం, ఇచ్చిన పని పూర్తిచేయడం, శుభ్రత చూడమంది. పేరేదైనా అది శ్రద్ధకు వేసే మార్కే. చిక్కల్లా, టీచరుకు కనిపించేది పుస్తకమే తప్ప దాని వెనకున్న సాయంత్రం కాదు. ట్యూషన్‌లో కూర్చుని రాసిన పుస్తకం నీటుగా ఉంటుంది. తమ్ముణ్ణి ఎత్తుకుని రాసిన పుస్తకం నలిగిపోతుంది.

ఆ మార్కులు ఫలితాన్ని తేల్చేటప్పుడు సమస్య ఇంకా ముదురుతుంది. అందరికీ 20కి 20 వేస్తున్నారన్న ఆరోపణలతో ఆంధ్రప్రదేశ్ 2019లో పదో తరగతి ఇంటర్నల్ మార్కులను రద్దు చేసింది. కోవిడ్ వల్ల పరీక్షల్లేని 2021లో తెలంగాణ బడి మార్కులతోనే ఫలితాలిస్తే 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి పైగా 10 జీపీఏ వచ్చింది. టీచర్లను తప్పుబట్టి లాభం లేదు. ఉదారంగా వేస్తే అడిగేవారుండరు, తగ్గిస్తే నష్టపోయేది తమ విద్యార్థే.

అలాగని శ్రద్ధను పట్టించుకోకపోవడమూ సరికాదు. చదవకుండానే 90 తెచ్చుకునేవాడికీ, కష్టపడి 50 దగ్గర ఆగిపోయేవాడికీ కావలసిన సలహా ఒకటి కాదు. అందుకే దాన్ని మార్కుల్లో కలపకుండా పక్కన రాయాలి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిపాదించిన సమగ్ర ప్రగతి పత్రంలో టీచరుతో పాటు విద్యార్థి, తోటివారు కూడా అంచనా వేసే వీలుంది.

రాసేది కూడా అభిప్రాయం కాకూడదు. 'బద్ధకస్తుడు' అన్న మాట పిల్లవాణ్ణి వదలదు. పని వేళకు ఇచ్చాడా, దిద్దిన తప్పును మళ్లీ చేసి చూపాడా, అర్థంకానిది అడిగాడా అన్నవి కంటికి కనిపించేవి. ఆలస్యమైతే మార్కు కోయడం కన్నా ఎందుకని అడగడం ముఖ్యం. కారణం ఇంట్లో ఉంటే, దానికి శిక్ష పిల్లవాడికి పడకూడదు.