పాటకు చోటిచ్చే పక్కవాద్యం

పాడేవారి వెంట నడవడం ఒక విద్య. ముందు నడవాలని అందరికీ ఉంటుంది. వెనుక నడుస్తూ, అవసరమైన చోట చేయూతనిచ్చి, అక్కరలేని చోట మౌనం వహించడం కొందరికే చేతనవుతుంది. అటువంటివారినే మన సంగీతం పక్కవాద్యకారులని గౌరవించింది. ఇప్పుడు ఆ బాధ్యతలో చాలా భాగాన్ని యంత్రానికి అప్పగించే కాలం వచ్చింది.

పలాస దాటి సముద్రం వైపు సాగితే జీడితోటలు, ఆ వెనుక ఉద్దానం కొబ్బరి తోపులు కనిపిస్తాయి. అక్కడి ఒక బడి వార్షికోత్సవాన్ని చూడడం ఈ మధ్య తటస్థించింది. పదేళ్ళ బాలిక వేదిక ఎక్కి మోహన రాగంలో పాట ఎత్తుకొన్నది. గొంతు సన్ననిదే గాని శ్రుతిశుద్ధమైనది. పల్లవి పూర్తికాకముందే పక్కనున్న ఎలక్ట్రానిక్ కీబోర్డు అందుకొన్నది. డ్రమ్ములు మ్రోగినవి, గిటార్లు పలికినవి, వయొలిన్ల గుంపు లేచినది. పాప పెదవులు కదులుతూనే ఉన్నవి గాని పాట వినిపించలేదు. సభవారు చప్పట్లు కొట్టారు. పాప మాత్రం తల వంచుకొని దిగివచ్చింది.

తప్పు ఎవరిది? వాయించిన యువకునికి చేతినేర్పు ఉన్నది. వాద్యమూ మంచిదే. లోపించినది సర్దుబాటు.

ఈ వాద్యం పనిచేసే తీరు తెలిసికొంటే ఆ సర్దుబాటు ఎంత సులభమో బోధపడుతుంది. కుడిచేయి పాట వరుసను వాయిస్తుంది. ఎడమచేయి కొన్ని మెట్లను కలిపి నొక్కుతుంది. ఆ స్వరాల కలయికకు కార్డు అని పేరు. యంత్రం ఆ కార్డును గుర్తించి, తనలో భద్రపరచి ఉన్న వాద్యగోష్ఠి నమూనాను ఆ స్వరాలకు అనుగుణంగా మార్చి వినిపిస్తుంది. ఈ నమూనానే స్టైల్ అంటారు. యమహా వారి పెద్ద కీబోర్డులలో ఒక్కొక్క స్టైల్‌కు ఎనిమిది పాయలు ఉంటాయి. రెండు తాళవాద్యాలవి, ఒకటి మంద్రస్థాయిలో నడిచే బేస్, రెండు కార్డులవి, ఒకటి నిలకడగా సాగే నాదం, మిగిలిన రెండు అలంకారపు పలుకులు. వినేవారికి ఒకే హోరుగా తోచేది నిజానికి ఇందరి మేళం. అందులో ఏ పాయనైనా విడిగా తగ్గించవచ్చును, పూర్తిగా మాన్పించనూ వచ్చును. సాధారణంగా ఆ బలాన్ని 0 నుంచి 127 వరకు అంకెలలో చూపుతారు.

సర్దుబాటులో మొదటిది శ్రుతి. పిల్ల యంత్రపు శ్రుతిని అందుకోవడానికి గొంతు చించుకోనక్కరలేదు. ట్రాన్స్‌పోజ్ మీటను నొక్కిన కొద్దీ శ్రుతి అర్ధస్వరం చొప్పున పైకో క్రిందికో జరుగుతుంది. ముందుగా పిల్లను ఒక చరణం పాడనిచ్చి, ఆమె షడ్జమం ఎక్కడ నిలిచినదో విని, అక్కడికి వాద్యాన్ని తేవాలి. రెండవది లయ. ఆమె సహజంగా పాడే వేగానికి చేతితో తాళం వేసి, నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కించి, ఆ అంకెనే యంత్రానికి ఇవ్వాలి.

మూడవది కార్డుల ఎంపిక. మోహనలో స, రి, గ, ప, ద అనే అయిదు స్వరాలే ఉన్నవి. షడ్జమం మీది మేజర్ కార్డులో స, గ, ప పలుకుతాయి గనుక చిక్కులేదు. కాని అలవాటు కొద్దీ చేయి మధ్యమం మీది కార్డుకు పోతే మ, ద, స పలుకుతాయి. పంచమం మీదికి పోతే ప, ని, రి పలుకుతాయి. మోహనలో మధ్యమమూ లేదు, నిషాదమూ లేదు. పాడే పిల్ల రాగం తప్పకున్నా పక్కనున్న యంత్రం తప్పిస్తుంది! అటువంటప్పుడు కార్డుల పాయలను మాన్పి, షడ్జమ పంచమాలను మాత్రం నిలిపితే తంబురా పని నెరవేరుతుంది. మన దేశం కోసం రూపొందించిన కీబోర్డులలో తంబురా, తబలా ధ్వనులు కూడా ఉంటున్నవి.

చివరిది బలం. అలంకారపు పాయలను మాన్పించి, డ్రమ్ములను సగానికి తగ్గించి, ఒక విద్యార్థిని సభ చివరి వరుసలో నిలబెట్టాలి. పాటలోని ప్రతి మాటా అతనికి తెలిసినదా? తెలియకపోతే ఇంకా తగ్గించాలి. ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఈ నేర్పు ఉద్దానానికి కొత్తది కాదు. ఉత్తరాంధ్ర జానపదుల జముకుల కథను చూడండి. జముకు ఒకవైపు తోలు మూసిన గుల్ల వాద్యం. తోలు నడుమ నుంచి వచ్చే తంతిని బిగించి మీటుతారు. బిగువు పెరిగితే నాదం హెచ్చుతుంది, సడలితే తగ్గుతుంది. జముకువాని చేయి కథకుని గొంతును కనిపెట్టుకొని ఉంటుంది. బొడ్డపాడులో జీవించిన సుబ్బారావు పాణిగ్రాహి 1960 దశకంలో ఈ కళారూపాన్నే తమ రాజకీయ ప్రచారానికి మలచుకొన్నారు. మాట జనానికి చేరడమే ఆ కథకు ప్రాణం. వాద్యం మాటను మింగివేస్తే కథ లేదు.

అందుచేత యంత్రమే వద్దనడం న్యాయమా? హార్మోనియం విషయంలోనూ ఇటువంటి వాదం నడిచింది. గమకం పలకదనీ, దాని స్వరస్థానాలు మన సంగీతానికి కుదరవనీ ఆక్షేపణలు రాగా ఆలిండియా రేడియో 1940లో దానిని నిషేధించింది. 1971లో ఆ నిషేధాన్ని కొంత సడలించారు. తెలుగు నాటకరంగం మాత్రం పద్యానికి హార్మోనియాన్నే తోడు చేసికొన్నది. నటుడు రాగాలాపన సాగదీసినంత సేపూ శ్రుతినిచ్చి, అతడు ఆగిన చోట అందుకొనే హార్మోనిస్టు ఆ పెట్టెకు తన చెవిని అరువిచ్చాడు. కీబోర్డుకు కావలసినదీ అదే. దానికి ఎనిమిది పాయలున్నవి గాని పాడేవారి మనసు కనిపెట్టే చెవి లేదు. ఆ చెవి వాయించేవానిదే కావాలి.

ఆనాడు సభ ముగిసిన తరువాత ఆ పాప వేదిక మెట్ల మీద కూర్చొని, చెలికత్తెల కోసం అదే పాటను మళ్ళీ పాడింది. కొబ్బరాకుల గాలి తప్ప వేరే తోడు లేదు. వైర్లు చుట్టుకొంటున్న కీబోర్డు యువకుడు చేయి ఆపి, చివరిదాకా విన్నాడు. అతడు ఇక చక్కగా వాయించగలడని నాకు నమ్మకం కలిగింది.