ప్రాథమిక పాఠశాలలో రోబోల సంఘము

ఎరువులను, విత్తనములను, వడ్డీ లెక్కలను గూర్చి చదువుట కలవాటుపడిన మన సభ్యులకు ఈ నెల వేఱొక విషయమును నివేదింప దలచితిమి. అది ప్రాథమిక పాఠశాలలోని బాలబాలికల కొఱకు రోబోల సంఘమును నడపుట. ఇది పట్టణవాసుల వేడుక గదా, రైతుబిడ్డల కేల యని కొందఱడుగవచ్చును. సమాధానము మన పొలముగట్టుననే కలదు.

బోరుబావి మోటారునకు బిగించు ఆటోస్టార్టరు నెఱుగని రైతు లేడు. కరెంటు వచ్చినదా లేదా యను నొక్క సంగతినే యది కనిపెట్టును; వచ్చిన తోడనే మోటారును నడపును. మడి తడిసినదా, బావిలో నీరున్నదా యనునది దానికి తెలియదు. 2018 జనవరి 1వ తేది నుండి తెలంగాణలో సేద్యమునకు 24 గంటల విద్యుత్తు నిచ్చినపుడు, అక్కఱ లేకున్నను మోటారులు నడచి భూగర్భజలము తఱిగిపోవునను భయముచేతనే ఆటోస్టార్టరులను తీసివేయుడని ప్రభుత్వమువారు రైతులను కోరిరి. “ఈ యంత్రమునకేమి తెలియును? ఏమి తెలియదు?” అని యడుగ నేర్చిన బిడ్డ రేపు ఇంటి నీటిని, అప్పుచేసి కొన్న మోటారును కాపాడగలదు. రోబోల సంఘము నేర్పవలసినది ఈ ప్రశ్ననే.

రోబో యను మాట చెక్ రచయితయగు కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకము మూలమున లోకమున వ్యాపించినది. ఆ భాషలో “రొబోట” యనగా వెట్టిచాకిరి. నేడు మాత్రము మూడు పనులు చేయు యంత్రమును రోబో యనుచున్నారు: పరిసరమును తెలిసికొనుట, ఏమి చేయవలయునో నిర్ణయించుట, ఆ పనిని చేయుట. కీ యిచ్చిన బొమ్మకారు నడచును గాని గోడ నెఱుగదు. కావున నది రోబో కాదు. గోడ తగిలిన వెంటనే తానే వెనుకకు మరలినచో నది రోబో.

చిన్నపిల్లలకు దీనిని నేర్పవచ్చునని చూపినవారిలో సీమోర్ పేపర్ట్ ముఖ్యుడు. 1967లో ఆయనయు, మఱికొందఱును అమెరికాలో పిల్లల కొఱకు “లోగో” యను కంప్యూటరు భాషను కల్పించిరి. తరువాత ఆ భాషలో నాజ్ఞాపింపగా “తాబేలు” అను చిన్న యంత్రము నేలపై ప్రాకుచు కలముతో గీతలు గీయుచుండెడిది. గీత వంకరపోయినచో బిడ్డ నేరము చేసినట్లు కాదనియు, ఏ యాజ్ఞలో తప్పున్నదో వెదకి దిద్దుకొనుటయే చదువనియు పేపర్టు మతము.

ఇక సంఘమును నడపు విధము. మొదటినెల యంత్రమే వలదు. ఒక బిడ్డ కన్నులకు గంత కట్టి రోబో యనవలయును. తక్కినవారు “మూడడుగులు ముందుకు, కుడికి తిరుగుము” అని కాగితముపై నాజ్ఞలు వ్రాసి చదువవలయును. ఒక యాజ్ఞ తప్పినచో రోబో బల్లకు తగులును. పిల్లలు నవ్వుదురు, పిదప కాగితమును దిద్దుదురు. దీనికి కానిఖర్చు లేదు.

రెండవనెల మైక్రోబిట్ వంటి చిన్న పలకను చేతికీయవచ్చును. 2016లో బ్రిటనులో సుమారు 10 లక్షల బడిపిల్లలకు దీనిని ఉచితముగా పంచిరి. ఇది రెండు చిన్న సెల్లులతో పనిచేయును. రెండు ఇనుపమేకులను తీగలతో దీనికి కలిపి మట్టిలో గ్రుచ్చినచో, 0 మొదలు 1023 వఱకు గల సంఖ్యలలో నొకటి కనబడును. ఎండిన మట్టిలో సంఖ్య తక్కువ, తడిమట్టిలో ఎక్కువ. నల్లరేగడి, ఎఱ్ఱచెలక, ఇసుకనేల మూడు కుండలలో పోసి పిల్లలచే సంఖ్యలను వ్రాయింపవలయును. అటుపిమ్మట ఒక కుండలో చిటికెడు ఉప్పు కలిపి, మునుపటియంత నీరే పోయింపుడు. సంఖ్య పెరుగును! యంత్రము చెప్పినది తడిని మాత్రమే కాదనియు, చేతితో మట్టిని పిసికి సరిచూచుకొననిదే దాని మాట నమ్మరాదనియు పిల్లలు తామే గ్రహింతురు.

పండ్రెండుగురికి మించకుండ చేర్చుకొని ముగ్గురేసి జట్లుగా విభజింపవలయును. ఒకరు బిగించుట, ఒకరు ఆజ్ఞలు కూర్చుట, ఒకరు వ్రాయుట. ఈ పనులు వారమువారము మారవలయును. లేనిచో బాలికలకు వ్రాతపనియే మిగులుట మేము చూచియున్నాము. ఒక పాఠశాలలో సామానులు పోవునను భయముచే పెట్టెను బీరువాలో నుంచి సంవత్సరమంతయు తాళము తీయరైరి. దానికి మందు మన గిడ్డంగి పద్ధతియే: పిల్లలే ఖాతాపుస్తకము నుంచి, ఇచ్చినది, వచ్చినది, విఱిగినది వ్రాయవలయును. విఱిగినదానిని తరుగు క్రింద వ్రాయవలెను గాని దండింపరాదు.

గోడ ప్లగ్గు కరెంటును పిల్లలు ముట్టరాదు. బొత్తాము వంటి గుండ్రని సెల్లును మ్రింగినచో రెండు గంటలలోనే అన్నవాహిక కాలవచ్చును; అట్టి సెల్లుల నసలే తేవలదు. మ్రింగిరని యనుమానము కలిగినచో క్షణమాలసింపక ఆసుపత్రికి గొనిపోవలయును.

2016లో నారంభమైన కేంద్రప్రభుత్వపు అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు 6 మొదలు 12 తరగతుల వారికి ఉద్దేశింపబడినవి. చిన్నతరగతుల భారము ఊరిపైననే యున్నది. అట్లని ఒక్క కంపెనీ ఖరీదైన పెట్టెపై నాధారపడుట మంచిది కాదు. 1998 నుండి ప్రసిద్ధికెక్కిన లెగో మైండ్‌స్టార్మ్స్ పెట్టెల తయారీ సయితము 2022తో ఆపివేయబడినది. అట్టలు, సీసామూతలు, పాతబొమ్మల మోటారులు చాలవఱకు పనికివచ్చును.

సంఘ సభ్యులారా! శనివారమునాడు ఒక గంట, గిడ్డంగి వసారాలో ఒక మూల, మోటారులు బాగుచేయు మన ఊరి మేస్త్రీ సాయము, ఇవి మనము ఈయగలవి. మీ బిడ్డ మోటారు పెట్టె కడ నిలిచి, “నాయనా, నీళ్లున్నవో లేవో దీనికెట్లు తెలియును?” అని యడిగిననాడు కసరక, మూత తీసి చూపుడు. మీకు తెలియనిచో ఇద్దఱును కలిసి మేస్త్రీ నడుగుడు.